లోపలి పొలుసు

కురుపాం మార్కెట్ వెనక సందులో మా కొట్టు.
బోర్డు మీద ఏదో పేరుంది.
జనం నోట్లో మాత్రం తళుకుల కొట్టు.
మొదటి అరలో వెండి, రెండో అరలో రాణీరంగు,
మూడో అరలో నెమలికంఠం.
అన్నిటికీ అడుగున ఎవరూ అడగని నలుపు.

తలంటుకుని పడుకున్నా సరే
పొద్దున పెరుగన్నంలో ఒక మెరుపు.
బ్యాంకులో నా సంతకం మీద ఒకటి;
మేనేజరు గోటితో గీకి చూసి, నన్ను చూసి, ముద్ర కొట్టాడు.
"నువ్వు దొంగతనానికి పనికిరావు విశాలాక్షీ,
వెళ్ళిన చోటల్లా దొరికిపోతావు" అంటాడు మా ఆయన.

మా నాయనమ్మ నాడు ఇది రాయి.
గూడూరు నుంచి గోతాల్లో అభ్రకం వచ్చేది.
రోట్లో వేస్తే నలగదది, పొరలు పొరలుగా విడుతుంది.
అందుకని ఎర్రగా కాల్చి,
వడ్లతో కలిపి మూటగట్టి,
గంగాళం నీళ్ళలో పిసికేది. పిసికేది. పిసికేది.
గుడ్డ కన్నాల్లోంచి వెన్నెల జారేదట.
రాత్రి నాటకంలో కర్ణుడి కవచానికి అదే,
తెల్లారి ఆచారిగారి మందుపొట్లంలోకీ అదే.
ఊరు దాన్ని కాకిబంగారం అని వెక్కిరించింది.
కాకిదైతేనేం, మట్టిలోంచి వచ్చి మట్టిలోకి పోయేది.
పొడి పీల్చి పీల్చి పట్టిన దగ్గు కూడా
చివరికి నాయనమ్మతోనే మట్టిలోకి పోయింది.

తరవాతెప్పుడో, సముద్రాలకవతల,
ఒక యంత్రాలవాడు పనికిరాని ముక్కల్ని
ఇంకా పనికిరానంత చిన్నగా కోసి
చెత్తకి పండగ బట్టలు తొడిగాడంటారు.
నాకవన్నీ తెలీవు.
బొంబాయి పార్సిలు తెలుసు, బిల్లు తెలుసు.
చవితికి గణపతి కిరీటం, డిసెంబర్లో కాగితం నక్షత్రాలు,
పెళ్ళికూతురి కనురెప్పలు, బడిపిల్లల అట్టలు.
జాలారిపేట కుర్రాళ్ళు కూడా కొంటారు,
గాలానికి కట్టే ఉత్తుత్తి చేపకి పుయ్యడానికి.
మెరిస్తే చాలు, చేప మింగుతుందని వాళ్ళకి తెలుసు.
వాళ్ళకి పొట్లం కట్టిచ్చిన నాకూ
తెలిసుండాల్సింది.

ఆదివారం హార్బర్లో
మైలపల్లి కాసులమ్మ కత్తిపీట ముందు నిలబడ్డాను.
అర కిలో నూనె కవళ్ళు.
నాలుగో చేప పొట్ట చీరి, పేగు లాగి,
బొటనవేలు ఎండకి ఎత్తి చూసింది.
"ఒలమ్మా! సేపకి పొలుసు పైనుంటాది గానీ
లోపలుంటాదేటి?"

నెమలికంఠం. మూడో అర. పావుకిలో నూట నలభై.

చెప్పలేదు.
ఆవిడ వేలు గోనెకి తుడుచుకుని
ఐదో చేప అందుకుంది.
ఆవిడ మోచేతుల దాకా పొలుసులు
నా మోచేతుల్లాగే మెరుస్తున్నాయి.
ఆవిడవి సాయంత్రానికి కడిగితే పోతాయి.

చేపలు తెచ్చాను. చింతపులుసు పెట్టాను. తిన్నాం.

సాయంత్రం బీచికి వెళ్ళి
గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చోట కూచున్నాను.
ఈ ఊరి ఇసక ఊరికే మెరుస్తుంది,
నల్ల చారల మధ్య ఎర్రెర్రగా,
ఏ కొట్లోనూ కొనని మెరుపు.
చిటికెడు తీసి అరచేతిలో రుద్దాను.
ఇసకంతా రాలిపోయింది.
రాలనిది ఒకటి మిగిలింది.
ఊదాను. విదిలించాను. అలలో చెయ్యి ముంచాను.
మునిగిన చేతికి ఇంకొకటి అంటుకుంది.

సోమవారం తలుపు తీయగానే
నీలం గౌను పిల్ల, చేతిలో చుట్టిన అట్ట.
"పది రూపాయల వెండి ఇవ్వండాంటీ."
అట్ట విప్పి చూపించింది.
పైన పెద్ద అక్షరాల్లో: సముద్రాన్ని కాపాడుదాం.
కింద పెన్సిలు గీతలు, ఇంకా రంగు లేని అలలు.
"వీటికే. తళతళలాడాలని టీచరుగారు చెప్పారు."

నాన్న నేర్పిన వ్యాపారం, నోరు మెదపలేదు.
చెంచాతో కొలిచాను.
పొట్లం కట్టాను.
ఎందుకో దారం
రెండు చుట్లు ఎక్కువ చుట్టాను.